తేటనీరు – శుద్ధజలం

పాఠ్యభాగ ఉద్దేశం

నీటిలో కలిసిన పదార్థాలను వేరుచేసే రసాయనిక పద్ధతులను పరిచయం చేయడం. కంటికి తేటగా కనబడే నీటికీ, నిజంగా శుద్ధమైన నీటికీ గల భేదాన్ని తెలియజేయడం. నీటినుండి వేరుచేసిన మాలిన్యం పట్ల మానవునికి గల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

హంసకు సాధ్యం కాని పని

పాలు, నీరు కలిపి ఉంచితే హంస పాలను గ్రహించి నీటిని విడిచిపెడుతుందని కవిసమయం. మంచిచెడ్డలను విడదీసి చూడగల వివేకానికి మన కవులు హంసను ప్రతీకగా నిలిపారు. 'నీరక్షీర వివేకం' అన్న మాట ఈ భావన నుండి పుట్టినదే.

అయితే హంసకు అప్పగించిన పని కొంత సులభమైనదే. నీటిలో పాలు కలిస్తే కన్ను వెంటనే పసిగడుతుంది. ఉప్పు కరిగితే కన్ను పసిగట్టలేదు, నాలుక పసిగడుతుంది. ఫ్లోరైడ్ కరిగితే నాలుక కూడా ఓడిపోతుంది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఆ నీటినే తాగిన మనిషి ఎముకలు మాత్రమే ఆ సంగతి చెబుతాయి. కంటికీ నాలుకకూ అందనిదాన్ని నీటినుండి వేరుచేయవలసిన బాధ్యత రసాయనశాస్త్రం మీద పడింది. ఆ శాస్త్రం సాధించిన విజయమెంతో, దాని హద్దు ఏమిటో తెలుసుకోవడం నీరు తాగే ప్రతివారికీ అవసరం.

నీటిలో మూడు విధాల కలయిక

నీటిలో ఇతర పదార్థాలు మూడు విధాలుగా కలిసి ఉంటాయి. మొదటిది ఇసుక, చెత్త వంటి బరువైన రేణువుల కలయిక. నీటిని కదపకుండా ఉంచితే ఇవి తమంతట తామే అడుగుకు చేరుతాయి. గుడ్డతో వడపోసినా పోతాయి. రెండవది సన్నని బంకమట్టి రేణువుల కలయిక. వానాకాలంలో చెరువునీరు ఎర్రగా, బురదగా కనబడడానికి ఇవే కారణం. రోజుల తరబడి కదపకుండా ఉంచినా ఇవి సులభంగా అడుగుకు దిగవు. మూడవది ఉప్పు, సున్నపు లవణాలు, ఫ్లోరైడ్ వంటివి పూర్తిగా కరిగిన కలయిక. ఇవి ఎంత సన్నని గుడ్డగుండానైనా నీటితోపాటు దాటిపోతాయి.

మొదటిదానికి ఓర్పు చాలు. రెండవదానికి ఉపాయం కావాలి. మూడవదానికి శాస్త్రం కావాలి. ఈ మూడింటి భేదం గ్రహించకపోతే ఒక రోగానికి మరొక మందు వేసినట్లవుతుంది.

చిల్లగింజ – పటిక

బురదనీటిని తేర్చే ఉపాయం మన పూర్వులకు తెలుసు. చిల్లగింజను కుండ లోపలి అంచున కొంచెం నీటితో అరగదీసి, ఆపైన బురదనీరు పోసి ఉంచేవారు. కొంతసేపటికి మట్టి అడుగున పేరుకొని, పైన నీరు తేటబడేది. ఈ గింజనే సంస్కృతంలో కతకం అంటారు.

కతకం వైద్యగ్రంథాలలోనే కాక ధర్మగ్రంథాలలోనూ, వేదాంతంలోనూ చోటు సంపాదించుకొన్నది. కతకఫలానికి నీటిని తేర్చే గుణమున్నా, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేటబడదని మనుస్మృతి ఆరవ అధ్యాయం చెబుతున్నది. ధర్మం వేషంలో కాక ఆచరణలో ఉండాలన్నది అక్కడి తాత్పర్యం. శంకరభగవత్పాదుల రచనగా ప్రసిద్ధమైన ఆత్మబోధలోనూ ఈ ఉపమానమున్నది. కతకపు పొడి నీటిని నిర్మలం చేసి తానుకూడా అడగారిపోయినట్లు, జ్ఞానం అజ్ఞానాన్ని తొలగించి తానుకూడా శమిస్తుందని దాని భావం.

తరువాతి కాలంలో చిల్లగింజ స్థానాన్ని పటిక ఆక్రమించింది. ఇది పనిచేసే తీరు ఆసక్తికరమైనది. నీటిలోని బంకమట్టి రేణువులన్నీ రుణ విద్యుదావేశం కలిగి ఉంటాయి. ఒకే ఆవేశం గల రేణువులు ఒకదానినొకటి తరుముకొంటాయి. కనుక అవి దగ్గరకు చేరి పెద్దవి కాలేవు, బరువెక్కి దిగలేవు. పటిక కరిగినప్పుడు వెలువడే అల్యూమినియం అయాన్లకు ధనావేశం అధికం. అవి మట్టిరేణువుల నడుమనున్న వైరాన్ని శాంతింపజేస్తాయి. అదే సమయంలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే జిగురువంటి తెల్లని పదార్థం దూదిపింజలవలె ఏర్పడుతుంది. మట్టిరేణువులు వాటికి అంటుకొని, కూడి, బరువెక్కి అడుగుకు దిగుతాయి. పట్టణాల నీటిశుద్ధి కేంద్రాలలో నేటికీ జరిగే మొదటి ముఖ్య ప్రక్రియ ఇదే. ఆపైన ఇసుకపొరలగుండా వడపోత జరుగుతుంది.

ఇల్లాలు తేటనీటిని మరొక కుండలోకి వంచుకొని అడుగుమట్టిని పెరట్లో పారబోసేది. నేలనుండి వచ్చిన మట్టి నేలకే చేరేది. ఆ పారబోసినదాన్ని గురించి ఎవరూ చింతించవలసిన అవసరం ఆనాడు కలుగలేదు.

కంటికి కనబడని జీవులు

తేటబడిన నీరు తాగడానికి యోగ్యమేనా? కాదు. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులు అద్దంవంటి నీటిలోనూ ఉండవచ్చు. వీటిని చంపడానికి క్లోరిన్ వాడుతారు. అమెరికాలోని జెర్సీ నగరానికి సరఫరా చేసే నీటిలో 1908లో నిరంతరాయంగా క్లోరిన్ మందు కలపడం ప్రారంభించారు. అనంతరం ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించింది. మన పంచాయతీ ట్యాంకులలో కలిపే బ్లీచింగ్ పౌడర్ చేసే పనీ ఇదే.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. నీటిని ముందు తేర్చి, తరువాతనే క్లోరిన్ కలపాలి. బురదనీటిలో కలిపిన క్లోరిన్‌లో కొంత భాగం మలినాలతోనే ఖర్చయిపోతుంది. రేణువుల చాటున దాగిన సూక్ష్మజీవులు తప్పించుకొంటాయి. రెండవది, కుళాయి చివరి ఇంటికి చేరేసరికి కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. దారిలో కలిసే మాలిన్యానికి ఆ మిగులే కాపలా.

ముల్లును ముల్లుతోనే

ఇక కరిగిన లవణాల సంగతి. పప్పు ఉడకనివ్వని నీటిని, సబ్బు నురగనివ్వని నీటిని కఠినజలం అంటారు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఇందుకు కారణం. వీటిలో బైకార్బొనేట్ల వలన కలిగే కాఠిన్యం నీటిని మరిగిస్తే పోతుంది. నీరు కాచే పాత్ర అడుగున తెల్లగా పేరుకొనే పెచ్చు ఆ విధంగా విడివడిన సున్నపు పదార్థమే.

ఊరికంతటికీ నీరు మరిగించడం సాధ్యం కాదు కదా! స్కాట్లండుకు చెందిన థామస్ క్లార్క్ 1841లో ఒక విచిత్రమైన మార్గం చూపాడు. సున్నపు లవణాలున్న నీటిలో తగిన కొలతతో మరికొంత సున్నం కలపమన్నాడు. కలిపిన సున్నం, కరిగి ఉన్న బైకార్బొనేట్‌తో చర్య జరిపి, రెండూ కరగని కార్బొనేట్‌గా మారి అడుగుకు చేరుతాయి. ముల్లును ముల్లుతోనే తీయాలన్న నానుడికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. అయితే కొలత ముఖ్యం. సున్నం ఎక్కువైతే తీయవచ్చిన ముల్లు కూడా కాలిలోనే ఉండిపోతుంది.

కరిగినదాన్ని కరగనిదిగా మార్చి అడుగుకు దింపడం రసాయనశాస్త్రం చేతిలోని ప్రధానమైన ఆయుధం. ఈ ఆయుధాన్ని తెలుగునేల మీద మరింత కఠినమైన శత్రువుపై ప్రయోగించవలసి వచ్చింది.

నల్లగొండ పేరు మోసిన పద్ధతి

నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో నడుములు వంగి, కీళ్ళు బిగిసి బాధపడుతున్న ప్రజలను పరీక్షించిన వైద్యపరిశోధకులు, ఆ వ్యాధికి తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1937లో ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిన తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఆపైన నల్లగొండ జిల్లా ఈ వ్యాధి వలన పడిన యాతన దేశమంతటికీ తెలిసినదే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట సైతం 1.5 మిల్లీగ్రాములు దాటరాదనీ భారతీయ ప్రమాణం చెబుతున్నది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో ఈ సమస్యకు ఒక పరిష్కారం రూపొందించింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. ఇందులో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ మాత్రమే. ఇవి ఏ ఊరి దుకాణంలోనైనా దొరికే వస్తువులు. వీటిని నీటిలో కలిపి, ముందు వేగంగా, తరువాత మెల్లగా కలియదిప్పి, తేరనిచ్చి, వడపోస్తారు. పటికనుండి పుట్టిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ పింజలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. పటిక మోతాదును ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి నిర్ణయించాలి. కొలత తప్పితే ఫ్లోరైడ్ మిగిలిపోవచ్చు, లేదా అల్యూమినియం నీటిలో చేరవచ్చు.

ఇక్కడ పాత లెక్క మారిందన్న సంగతి గమనించాలి. చిల్లగింజ దింపినది మట్టిని. ఈ పద్ధతి దింపినది ఫ్లోరైడ్‌ను. ఆ అడుగుబురదను బావి పక్కనే పారబోస్తే వానకు కరిగిన భాగం మళ్ళీ భూగర్భంలోకి ఇంకే ప్రమాదమున్నది. ఏ శత్రువును నీటినుండి వెళ్ళగొట్టామో దానికి మనమే మళ్ళీ తలుపు తెరిచినట్లవుతుంది. నల్లగొండ ప్రాంతానికి తరువాతి కాలంలో కృష్ణానది నీటిని గొట్టాల ద్వారా అందించారు. చెడిన నీటిని బాగుచేయడం కంటే మంచినీటిని తేవడం మేలైన చోట అదే చేయాలి. అయితే ప్రతి ఊరికీ కృష్ణానది అందుబాటులో ఉండదు.

పుత్తూరు – రంగునీరు

తిరుపతి నుండి చెన్నైకి వెళ్ళే దారిలో పుత్తూరు ఉన్నది. విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు ఈ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. పుత్తూరు, నారాయణవనం, నగరి ప్రాంతాలలో వేలాది కుటుంబాలకు మగ్గమే అన్నం పెట్టే తల్లి. చేతిమగ్గాల తరువాత మరమగ్గాలు వచ్చాయి. మగ్గమున్న చోట నూలుకు రంగులద్దే పని ఉండక తప్పదు. ఆ రంగునీరు ఎటు పోతుందన్న ప్రశ్న కూడా తప్పదు.

నూలుకు రంగు పట్టించే పద్ధతి తెలిస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. నీటిలో నూలుపోగుకూ, రియాక్టివ్ రంగులనబడే నేటి రంగుల అణువులకూ రుణావేశమే ఉంటుంది. బంకమట్టి రేణువులవలె అవి కూడా ఒకదానినొకటి తరుముకొంటాయి. ఆ వైరాన్ని తగ్గించి రంగును పోగువద్దకు చేర్చడానికి తొట్టిలో ఉప్పుగాని, సోడియం సల్ఫేట్‌గాని విస్తారంగా పోస్తారు. ఆ తరువాత చాకలిసోడా వంటి క్షారం కలిపితే రంగు పోగుకు గట్టిగా అంటుకొంటుంది. రంగులో కొంత భాగం పోగుతో కాక నీటితోనే చర్య జరిపి వృథా అవుతుంది. ఉప్పు మాత్రం పోగుకు ఏమాత్రం అంటదు. పోసినదంతా నీటిలోనే మిగులుతుంది. లీటరుకు 50 గ్రాముల చొప్పున లెక్కవేస్తే 1000 లీటర్ల తొట్టికి 50 కిలోల ఉప్పు అవుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలే ఉంటాయి. అంటే ఆ తొట్టినీరు సముద్రం కంటే ఉప్పన.

ఈ నీటిలో సున్నం, అన్నభేది కలిపితే ఇనుపహైడ్రాక్సైడ్ పింజలు ఏర్పడి రంగును చాలావరకు అడుగుకు దింపుతాయి. పైన నిలిచిన నీరు తేటగా కనబడుతుంది. చూసినవారు శుద్ధి జరిగిందని సంతోషిస్తారు. కాని ఉప్పు ఎక్కడికీ పోలేదు. పైగా వేసిన రసాయనాల లవణాలు కొన్ని అదనంగా చేరాయి. ఎర్రగా పారే నీటిని రైతు చూసి పొలానికి పెట్టడు. తేటగా పారే ఉప్పునీటిని గుర్తించలేక పెట్టుకొంటాడు. ఆ విధంగా చూస్తే రంగుపోయిన ఉప్పునీరు రంగునీటికంటే మోసకారి. ఏళ్ళు గడిచేసరికి నేల చౌడుబారుతుంది. బావినీరు నోట పెట్టరానిదవుతుంది.

ఈ కీడు ఒక ఊరి పొలిమేరతో ఆగేదికాదు. నగరి మీదుగా సాగే కుశస్థలి నది తమిళనాడులో ప్రవేశించి పూండి జలాశయానికి చేరుతుంది. 1944లో నిర్మాణం పూర్తిచేసుకొన్న ఆ జలాశయం చెన్నై నగరపు తాగునీటి ఆధారాలలో ఒకటి. ఎగువ ఊరి తొట్టికీ దిగువ నగరపు చెంబుకూ నడుమ నదియే బంధువు.

తిరుప్పూరు చెప్పిన పాఠం

ఈ ప్రశ్నకు సకాలంలో సమాధానం చెప్పకపోతే ఏమవుతుందో తమిళనాడులోని తిరుప్పూరు అనుభవం తెలియజేస్తున్నది. బనియన్ల తయారీకి పేరుపొందిన ఆ పట్టణపు అద్దకపు నీరు నొయ్యల్ నదిలో చేరింది. సాగుకోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయం రంగునీటి మడుగైంది. రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. శుద్ధి నియమాలు పాటించని కారణంగా అద్దకశాలలను మూసివేయవలసిందిగా మద్రాసు ఉన్నత న్యాయస్థానం 2011 జనవరిలో ఆదేశించింది. వందలాది అద్దకశాలలు మూతబడ్డాయి. వేలాది కార్మికులు పనిలేక నిలిచారు. ముందు రైతు నష్టపోయాడు, తరువాత కార్మికుడు నష్టపోయాడు.

ఆపైన అక్కడ చుక్కనీరు కూడా బయటికి విడువరాదన్న నియమంతో పనులు సాగించవలసి వచ్చింది. రంగు తీసిన నీటిని రివర్స్ ఆస్మాసిస్ పొరలగుండా అధిక పీడనంతో పంపుతారు. పొరకు అవతల మంచినీరు, ఇవతల చిక్కని ఉప్పునీరు మిగులుతాయి. 100 లీటర్లు పంపి 50 లీటర్ల మంచినీరు తీస్తే, మిగిలిన 50 లీటర్లలో ఉప్పు ఇంచుమించు రెండింతల చిక్కదనంతో ఉంటుంది. ఆ చిక్కటి నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చుకొంటారు. మిగిలిన ఉప్పును శుద్ధిచేసి మళ్ళీ అద్దకానికే వాడుకొంటారు. తిరిగి వాడుకోవడానికి వీలులేని లవణాలనూ, రంగుబురదనూ నేలలోకి ఇంకని విధంగా భద్రపరచాలి.

ఇది ఖర్చుతో కూడిన పని. నాలుగు తొట్లు పెట్టుకొని బతికే చిన్న అద్దకందారు ఒంటరిగా దీనిని భరించలేడు. పదిమంది కలిసి ఉమ్మడి శుద్ధికేంద్రం నెలకొల్పుకొని, ప్రభుత్వం చేయూతనిచ్చినప్పుడే సాధ్యమవుతుంది. మగ్గం ఆగరాదు, బావి చెడరాదు. ఈ రెండింటినీ నిలబెట్టడమే సమాజం ముందున్న పరీక్ష.

మన ఇళ్ళలోనూ, వీధిచివర డబ్బాలలో నీళ్ళు అమ్మే కేంద్రాలలోనూ ఉన్న నీటియంత్రాలలో అనేకం ఈ పొరల పద్ధతితోనే పనిచేస్తాయి. వాటినుండి మురుగుకాలువలోకి పోయే గొట్టాన్ని గమనించేవారు తక్కువ. కొన్న నీటి ధర అందరికీ తెలుసు. విడిచిన నీటి జాడ ఎవరికీ పట్టదు.

హాలాహలం ఎక్కడ?

పుత్తూరు సీమకు దగ్గరలో, అరుణానది ఒడ్డున సురుటుపల్లి అనే క్షేత్రమున్నది. అక్కడి పళ్ళికొండేశ్వరుడు లింగరూపంలో కాక, అమ్మవారి ఒడిలో తలవాల్చి శయనించిన రూపంలో దర్శనమిస్తాడు. క్షీరసాగర మథనంలో పుట్టిన హాలాహలాన్ని స్వీకరించి అలసిన శివుడు అక్కడ విశ్రమించాడని స్థలపురాణం.

పోతన భాగవతం అష్టమస్కంధంలో చదువుకొన్న ఆ కథను నీటిశుద్ధి దృష్టితో మరొకసారి తలచుకోవచ్చు. సముద్రాన్ని చిలకడం కూడా కలిసి ఉన్నవాటిని వేరుచేసే ప్రయత్నమే. దేవదానవులు కోరినది అమృతం. ముందుగా పుట్టినది విషం. విషాన్ని విడదీయకుండా అమృతం రాలేదు. దానిని భరించేవాడు దొరకకపోతే అమృతం వచ్చినా తాగడానికి లోకమే మిగిలి ఉండేది కాదు. శివుడు ఆ విషాన్ని బయటికి ఉమ్మివేయలేదు, కడుపులోకి దించలేదు. కంఠంలో నిలిపాడు.

వేరుచేయడమంటే మాయంచేయడం కాదు. రసాయనశాస్త్రం పదార్థాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చగలదు, ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చగలదు, శూన్యం చేయలేదు. మట్టిని దింపితే అడుగుబురద, ఫ్లోరైడ్‌ను దింపితే విషపుబురద, ఉప్పును విడదీస్తే ఉప్పురాశి మిగిలితీరుతాయి. కనుక ఏ శుద్ధికేంద్రాన్ని చూసినా, ఏ యంత్రాన్ని కొన్నా రెండు ప్రశ్నలు వేయాలి. ఈ నీటిలో ఏది పోయింది? పోయినది ఎక్కడికి చేరింది? మొదటి ప్రశ్నతో ఆగేవాడు తన దాహాన్ని మాత్రమే తీర్చుకొంటాడు. రెండవ ప్రశ్న కూడా వేసేవాడు దిగువనున్న ఊరి దాహాన్నీ తలచుకొంటాడు.

కఠినపదాలు – అర్థాలు

కవిసమయం: కవులు సంప్రదాయంగా అంగీకరించిన భావన
కతకం: చిల్లగింజ
అడగారు: అణగిపోవు, శమించు
అన్నభేది: ఇనుము, గంధకామ్లాల వలన ఏర్పడే ఆకుపచ్చని లవణం
చౌడుబారు: ఉప్పుచేరి నేల పంటకు పనికిరాకుండాపోవు
మథనం: చిలకడం

అభ్యాసం

అ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నీరక్షీర వివేకం అనగానేమి?
2. నల్లగొండ పద్ధతిలో వాడే పదార్థాలేవి?
3. కుశస్థలి నది ఏ జలాశయానికి చేరుతుంది?

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పటిక బురదనీటిని ఏ విధంగా తేరుస్తుంది?
2. రంగుపోయిన ఉప్పునీరు రంగునీటికంటే మోసకారి అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.

ఇ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. "వేరుచేయడమంటే మాయంచేయడం కాదు." పాఠం ఆధారంగా చర్చించండి.
2. మీ ఊరికి తాగునీరు ఎక్కడినుండి వస్తున్నదో, వాడిన నీరు ఎక్కడికి పోతున్నదో తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.